వాపును తగ్గించే సలాడ్ డ్రెసింగ్: ఇంటి తయారీ

సలాడ్ డ్రెసింగ్ అంటే పచ్చి ఆకులకూ కూరగాయ ముక్కలకూ తినే ముందు పట్టించే రుచి మిశ్రమం. నూనె, పులుపు, ఉప్పు దీనికి మూలం. మిగతావన్నీ ఆయా ప్రాంతాల అలవాటును బట్టి వచ్చి చేరినవే. మధ్యధరా తీరంలో ఆలివ్ నూనె, నిమ్మరసం. ఫ్రాన్స్‌లో వినెగర్, ఆవముద్ద. లెబనాన్, సిరియాల్లో నువ్వుల ముద్ద, చిక్కగా కాచిన దానిమ్మ రసం. జపాన్‌లో సోయా సాస్, బియ్యపు వినెగర్, వేయించిన నువ్వులు. ఈ మధ్య కాలంలో ఈ పాత వంటకానికి ‘యాంటీ ఇన్‌ఫ్లమేటరీ’ అన్న విశేషణం తోడైంది. ఆలివ్ నూనె, పసుపు, అల్లం, వెల్లుల్లి, అవిసె గింజల వంటివాటితో ఇంట్లో చేసుకున్న డ్రెసింగ్ ఒంట్లోని వాపును తగ్గిస్తుందని దాని అర్థం.

ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ సీసా మీది లేబుళ్లు చూపించే చోట కాక, అది మరోచోట ఉంది. చెంచాడు డ్రెసింగ్‌లోని చిటికెడు పసుపు మందులా పనిచేయదు. పళ్లెం నిండా పచ్చి కూరగాయలను ఇష్టంగా తినిపించడం, వాటిలోని పోషకాలను ఒంటికి పట్టించడం, కొనుక్కొచ్చిన సీసాలోని చక్కెరనూ అదనపు ఉప్పునూ తప్పించడం ఇంటి డ్రెసింగ్ చేసే అసలు మేలు. ఏ దినుసు ఎంత పనిచేస్తుందో ఈ దృష్టితో చూస్తేనే తేలుతుంది.

వాపు: మంచిదీ చెడ్డదీ

ఎర్రబడటం, ఉబ్బటం, వేడెక్కటం, నొప్పి పుట్టటం వాపుకు నాలుగు లక్షణాలని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. ముల్లు గుచ్చుకున్నప్పుడు, గొంతు చెడినప్పుడు వచ్చే ఇలాంటి వాపు శరీరానికి రక్షణ. అది కొద్దిరోజుల్లో వచ్చి పోతుంది. చిక్కంతా రెండో రకంతో. పైకి ఏ గుర్తూ కనిపించకుండా, నొప్పి కూడా లేకుండా రక్తనాళాల్లో, కాలేయంలో, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వులో ఏళ్ల తరబడి సన్నగా రగిలే వాపు అది. గుండెజబ్బులో, టైప్ 2 మధుమేహంలో దాని పాత్ర పెద్దది.

దీన్ని కొలవడానికి వైద్యులు ఎక్కువగా సీఆర్‌పీ అనే రక్తపరీక్ష చేయిస్తారు. ఈ ప్రొటీన్‌ను 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. వాపు ఒక్కదాన్నే తగ్గిస్తే గుండెకు మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు 2017లో గట్టి జవాబు దొరికింది. బోస్టన్ వైద్యుడు పాల్ రిడ్కర్ నేతృత్వంలో 10,061 మంది గుండె రోగుల మీద జరిగిన ప్రయోగంలో, కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండా వాపును మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ గుండెపోట్ల సంఖ్యను తగ్గించింది. అది ఖరీదైన మందు, ఇన్‌ఫెక్షన్ల ముప్పు కూడా తెచ్చింది. రోజూ తినే తిండితో ఈ పని కొంతైనా చేయవచ్చా అన్న ఆశకు శాస్త్రీయమైన ఊతం దొరికింది మాత్రం ఇక్కడే.

అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 45 ఆహారాంశాలకు వాటి వాపు స్వభావాన్ని బట్టి మార్కులు వేసి ఒక సూచికను తయారుచేశారు. అందులో పసుపు, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, పీచు, ఒమేగా-3 కొవ్వులు వాపును తగ్గించే వైపు ఉన్నాయి. ఈ జాబితా చూసినవారికి మన పోపుల పెట్టె గుర్తుకు రావడం సహజం. అయితే ఏ ఒక్క దినుసునో విడిగా తీసుకుని ఫలితం చెప్పడానికి ఆ సూచిక పుట్టలేదు. మనిషి మొత్తం తిండి ఎటు మొగ్గుతోందో చెప్పడమే దాని పని.

ఆకుల మీది నూనె: చరిత్ర

రోమన్ల కాలంలోనే కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో పుదీనా, కొత్తిమీర వంటి ఆకులను రోట్లో నూరి, జున్ను కలిపి, మిరియాల వినెగరూ నూనే పోసే పద్ధతులు రాశాడు. 1699లో లండన్‌లో జాన్ ఎవెలిన్ కేవలం సలాడ్ల మీదే ‘అసెటేరియా’ అనే పుస్తకం వేశాడు. మంచి నూనె, మంచి వినెగర్, ఉప్పు, ఆవాలు, ఉడికిన గుడ్డు పచ్చసొన ఏ పాళ్లలో ఉండాలో అందులో పట్టుదలగా చర్చించాడు.

ఆ తరవాతి కథల్లో అన్నిటికన్నా ముచ్చటైనది ఒక ఫ్రెంచి కాందిశీకుడిది. విప్లవ కాలంలో లండన్ చేరి చేతిలో చిల్లిగవ్వ లేని ద అల్బిన్యాక్ అనే కులీనుడు ఒక భోజనశాలలో తోటివారి కోరిక మీద సలాడ్ కలిపి పెట్టాడు. ఆ రుచి నోటనోట పాకింది. కొద్దికాలానికే పెద్దింటి విందులకు బండిలో వెళ్లి సలాడ్ కలపడమే అతని వృత్తి అయింది. సుగంధ వినెగర్లు, రకరకాల నూనెలు, సోయా సాస్ వగైరాలున్న మహోగని పెట్టె అతని వెంట ఉండేది. ఈ సంగతిని ఫ్రెంచి రచయిత బ్రియా-సవారాన్ 1825లో వచ్చిన తన ప్రసిద్ధ భోజన గ్రంథంలో నమోదు చేశాడు. మంచి దినుసులు ఎంచుకోవడం, తినే ముందే కలపడం ఒక ప్రత్యేక విద్య అని జనం గుర్తించారనడానికి అదే సాక్ష్యం.

20వ శతాబ్దంలో ఈ పని చేతినుంచి కార్ఖానాకు మారింది. 1924లో మెక్సికోలోని టిహువానాలో సీజర్ కార్డిని భోజనశాలలో పుట్టిన సీజర్ సలాడ్, 1950ల్లో కాలిఫోర్నియాలో స్టీవ్ హెన్సన్ తన అతిథి గృహంలో వడ్డించిన రాంచ్ డ్రెసింగ్, రెండూ చివరకు సీసాల్లోకి చేరాయి. హెన్సన్ వ్యాపారమైన హిడెన్ వ్యాలీ రాంచ్‌ను 1972లో బ్లీచింగ్ ద్రవం తయారుచేసే క్లోరాక్స్ కంపెనీ కొనుక్కుంది. నెలల తరబడి విడిపోకుండా, చెడిపోకుండా ఉండాలంటే కార్ఖానా డ్రెసింగ్‌కు చిక్కదనమిచ్చే జిగురులు, నూనెనూ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫైయర్లు, చౌక నూనె, చక్కెర అవసరమవుతాయి. రెండు టేబుల్ స్పూన్ల రాంచ్‌లో సాధారణంగా 200 నుంచి 300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఎమల్సిఫైయర్ల సంగతి మరింత ఆలోచించదగ్గది. పాలిసోర్బేట్ 80, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే రెండు పదార్థాలు ఎలుకల పేగుల్లోని జిగురు పొరను దెబ్బతీసి, పైన చెప్పిన సన్నని వాపును పుట్టించాయని అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించారు. మనుషుల విషయంలో అంత తేటగా తేలలేదు. అయినా వాపు తగ్గాలని సలాడ్ తినేవారు లేబుల్ మీద ఆ పేర్లు వెతికి చూసుకోవడం మంచిది.

నూనె ఎందుకు, ఏది, ఎంత

సన్నబడాలనుకునేవారు ముందుగా తీసిపారేసేది డ్రెసింగ్‌లోని నూనెనే. అది పొరపాటని 2004లో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక చిన్న ప్రయోగం స్పష్టంగా చూపించింది. పాలకూర, లెట్యూస్, టమాటా, క్యారెట్‌తో చేసిన ఒకే రకం సలాడ్‌ను నూనె లేని డ్రెసింగ్‌తో, 6 గ్రాముల నూనెతో, 28 గ్రాముల నూనెతో పెట్టి రక్తం పరీక్షించారు. నూనె లేనప్పుడు బీటా కెరోటిన్, లైకోపీన్ వంటి రంగు పోషకాలు దాదాపు ఒంటికి పట్టనే లేదు. నూనె పెరిగేకొద్దీ అవి ఎక్కువగా రక్తంలోకి చేరాయి. కూరగాయల్లో వాపును అదుపు చేసే పోషకాల్లో కొన్ని ఇలా కొవ్వులో కరిగేవే. కాబట్టి నూనె డ్రెసింగ్‌లో తప్పు కాదు, దాని ప్రాణం.

ఏ నూనె అన్నప్పుడు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెకు ప్రత్యేక స్థానముంది. దాని వెనుక ఒక చక్కని పరిశీలన ఉంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో రుచి, వాసనల మీద పనిచేసే గ్యారీ బోషాంప్ సిసిలీలో తాజా ఆలివ్ నూనె చప్పరించినప్పుడు గొంతు వెనక చురుక్కుమంది. ద్రవరూపంలోని ఐబుప్రొఫెన్ అనే నొప్పి మందు తాగినప్పుడు కలిగే మంట కూడా సరిగ్గా అదే చోట, అదే తీరున ఉంటుందని ఆయనకు పాత పరిశోధన వల్ల తెలుసు. ఆ పోలికను పట్టుకుని వెళ్తే ఓలియోకాంథాల్ అనే పదార్థం దొరికింది. అది ఐబుప్రొఫెన్ అడ్డుకునే ఎంజైములనే అడ్డుకుంటుందని ఆయన బృందం 2005లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. రోజుకు 50 గ్రాముల నూనె తీసుకున్నా నొప్పి తగ్గించే పెద్దల మోతాదులో పదో వంతు మాత్రమే అందుతుందని వారే లెక్కగట్టారు. తలనొప్పికి అది చాలదు. ఏళ్ల తరబడి రోజూ అందే చిన్న మోతాదు వేరే రకంగా పనిచేయవచ్చన్నది వారి ఊహ.

ఆ ఊహకు దగ్గరగా వచ్చిన పెద్ద ప్రయోగం స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్. గుండెజబ్బు ముప్పున్న 7,447 మందిని మూడు జట్లుగా చేసి, మధ్యధరా భోజనంతో పాటు ఒక జట్టుకు ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, ఇంకో జట్టుకు గింజలు ఇచ్చారు. కొవ్వు తగ్గించుకోమని సలహా ఇచ్చిన మూడో జట్టుతో పోలిస్తే ఈ రెండింటిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు సుమారు 30 శాతం తక్కువ. 2013లో వచ్చిన ఆ వ్యాసాన్ని, కొన్నిచోట్ల జట్ల ఎంపిక సరిగా జరగలేదని తేలడంతో వెనక్కు తీసుకుని, లెక్కలు సరిచూసి 2018లో మళ్లీ ప్రచురించారు. ఫలితం దాదాపు అలాగే నిలిచింది, కాకపోతే వారి భాషలో ధీమా తగ్గింది.

గొంతులో చురుక్కుమనని ఆలివ్ నూనెలో ఓలియోకాంథాల్ అంతగా ఉండదు. ‘లైట్’, ‘పొమేస్’ అని అమ్మే శుద్ధి చేసిన రకాల్లో అది దాదాపుగా పోతుంది. అవి వేపుళ్లకు పనికొస్తాయేమో కానీ డ్రెసింగ్‌కు వాటి మీద డబ్బు పెట్టడం దండగ. ఎక్స్‌ట్రా వర్జిన్ అనాలంటే స్వేచ్ఛా ఆమ్లం 0.8 శాతానికి మించకూడదు. ముదురు రంగు సీసాలో, కాయ కోసిన తేదీ వేసి ఉన్నది, చిన్న పరిమాణంలో కొనుక్కోవాలి. వెలుతురూ వేడీ దానికి శత్రువులు, పొయ్యి పక్కన గూట్లో ఉంచితే నెలల్లో పాడవుతుంది.

ఆలివ్ నూనె అందుబాటులో లేకపోతే డ్రెసింగ్ మానుకోనక్కర్లేదు. గానుగ నువ్వుల నూనెలో సెసమిన్, సెసమోలిన్ అనే సహజ రక్షకాలుంటాయి. దాని వాసన గాఢం కాబట్టి సగం వేరుశనగ నూనెతో కలిపితే రుచి కుదురుతుంది. గింజల నూనెల్లోని ఒమేగా-6 కొవ్వు వాపును పెంచుతుందన్న ప్రచారం ఇప్పుడు జోరుగా ఉంది. మనుషుల మీద జరిగిన నియంత్రిత ప్రయోగాలను కలిపి చూసినప్పుడు, ఆరోగ్యవంతుల్లో వాపు గుర్తులు దాని వల్ల పెరిగినట్టు తేలలేదు. మనకు లోటుగా ఉన్నది ఒమేగా-3. ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిలో సుమారు 1.6 గ్రాముల ఒమేగా-3 ఉంటుంది. చేపల్లో దొరికే రకంగా శరీరం మార్చుకునేది అందులో కొద్ది శాతమే అయినా, శాకాహారులకు ఇది విలువైన దారి. గింజలను అలాగే మింగితే అలాగే బయటికి పోతాయి, పొడి కొట్టుకోవాలి. అవిసె నూనె మాత్రం త్వరగా కనరెక్కుతుంది. ఫ్రిజ్‌లో ఉంచలేనివారు దాని జోలికి పోకపోవడం మేలు.

తెలుగు ఇళ్లకు గట్టిగా చెప్పాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల రోజువారీ భోజనంలో పైనుంచి వాడే నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. ఒక టేబుల్ స్పూను నూనె 14 గ్రాములకు దగ్గర, 120 కేలరీలు. స్పెయిన్ వాళ్లలా రోజుకు నాలుగు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె తాగి, పైన వేపుడు, పోపు, ఆవకాయ అన్నంలో నూనె యథావిధిగా సాగిస్తే మిగిలేది బరువే. పొట్ట చుట్టూ చేరే కొవ్వు వాపును పుట్టిస్తుంది కాబట్టి పని అడ్డం తిరుగుతుంది. డ్రెసింగ్ నూనె మిగతా నూనె స్థానంలో రావాలి, దానికి తోడుగా కాదు. అదే సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. బిర్యానీ పక్కన నాలుగు ఉల్లి చక్రాలు, రెండు కీరా ముక్కలతో ఆ లెక్క తీరదు.

పులుపు, ఆవ

వినెగర్‌లో 4 నుంచి 6 శాతం ఎసిటిక్ ఆమ్లం, నిమ్మరసంలో దాదాపు అంతే సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. వినెగర్ పిండి పదార్థాల తరవాత రక్తంలో చక్కెర ఎగబాకే వేగాన్ని తగ్గిస్తుందని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో క్యారల్ జాన్‌స్టన్ బృందం 2004లో చూపించింది. అన్నానికి ముందు వినెగర్ డ్రెసింగ్ వేసిన కూరగాయలు తినే అలవాటు మధుమేహం అంచున ఉన్నవారికి పనికొస్తుంది. ఉత్తి వినెగర్ గ్లాసులో తాగడం పళ్ల ఎనామెల్‌కూ గొంతుకూ హాని. నిమ్మకాయ బలం విటమిన్ సి, తాజాదనం. తొక్కను పైపైన తురిమి వేస్తే సువాసన రెట్టింపవుతుంది.

నూనె, పులుపు ఒకదానితో ఒకటి కలవవు. వాటిని కట్టిపడేసేది ఆవ. నూరిన ఆవాల్లోని ప్రొటీన్లూ జిగురూ నూనె బిందువుల చుట్టూ పొరలా చేరి అవి మళ్లీ ఒక్కటవకుండా ఆపుతాయి. తెల్ల ఆవాల పొట్టులో జిగురు ఎక్కువ, మన నల్లావాల్లో ఘాటు ఎక్కువ. ఆ ఘాటు గింజలో ముందుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి దాన్ని పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది. పనసపొట్టు కూరలోనో, అరటికాయ కూరలోనో కూర దించి చల్లారాకే ఆవ పెట్టే గోదావరి జిల్లాల వారి పద్ధతి ఈ సూత్రానికి అచ్చంగా సరిపోతుంది. నూరిన ఆవను పది నిమిషాలు చన్నీళ్లలో ఉంచి, ఘాటెక్కాక పులుపు కలిపితే ఆ ఘాటు నిలుస్తుంది.

ఆవకు ఇంకో గుణమూ ఉంది. బ్రోకలీ, క్యాబేజీ కుటుంబపు కూరల్లో సల్ఫొరాఫేన్ అనే రక్షక పదార్థం పుట్టడానికి కావలసింది కూడా మైరోసినేజే. కూర ఉడికితే అది నశిస్తుంది. ఉడికిన బ్రోకలీ మీద ఆవపొడి చల్లి తిన్నవారికి సల్ఫొరాఫేన్ నాలుగు రెట్లు ఎక్కువగా అందిందని ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో వెల్లడించారు. గోరువెచ్చని క్యాబేజీ మీద ఆవ డ్రెసింగ్ వేయడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. విదేశాల్లో ఉన్న తెలుగువారు ఆవనూనె విషయంలో మాత్రం గమనించాలి. ఎరూసిక్ ఆమ్లం ఎక్కువన్న కారణంతో అమెరికాలో దాన్ని పైపూతకు మాత్రమే అనే లేబుల్‌తో అమ్ముతారు. ఆవాలకూ ఆవపొడికీ ఆ ఇబ్బంది లేదు.

పసుపు, అల్లం, వెల్లుల్లి

పసుపు మీద తెలుగువారికి ప్రేమ ఉండటంలో ఆశ్చర్యం లేదు. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు దేశంలో పేరుమోసినవి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగానే మొదలైంది. కానీ అంకెల ముందు ప్రేమ నిలవదు. పసుపు పొడిలో కర్క్యుమిన్ సగటున 3 శాతం. పావు టీస్పూను పొడిలో 20 మిల్లీగ్రాముల పైచిలుకు. దాన్ని ఎనిమిది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి దక్కేది 3 మిల్లీగ్రాములు. వాపు మీద ఫలితం చూపిన ప్రయోగాల్లో ఇచ్చింది సాధారణంగా రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాములు. పైగా కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి బహు తక్కువగా చేరుతుంది. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల మిరియాల సారం ఇస్తే శోషణ 20 రెట్లు పెరిగిందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపించారు. డ్రెసింగ్‌లో మిరియాల పొడి వేయమనే సలహా అక్కడినుంచే వచ్చింది. అయితే పెరిగిన ఆ మొత్తమూ స్వల్పమేనని మరవకూడదు. రంగు కోసం, వాసన కోసం, అలవాటు కోసం చిటికెడు పసుపు వేయండి. పచ్చివాసన పోవడానికి ముందుగా చెంచాడు నూనెలో గోరువెచ్చగా కాస్త వేడి చేస్తే బావుంటుంది. దానికి మందు అని పేరు పెట్టకండి.

పసుపు కంటే అల్లం నయం. రోజుకు 1 నుంచి 3 గ్రాముల శొంఠిపొడి ఇచ్చిన ప్రయోగాల్లో సీఆర్‌పీ కొంత తగ్గింది. అల్లంలో సుమారు 80 శాతం నీరే కాబట్టి 5 గ్రాముల పచ్చి అల్లం ఒక గ్రాము శొంఠికి సాటి. అంటే వంటింటి మోతాదు ప్రయోగాల మోతాదుకు కనీసం కనుచూపు మేరలో ఉంది. తురిమి, గుడ్డలో పిండి, రసం మాత్రమే వాడితే పీచు నోటికి తగలదు.

వెల్లుల్లిలో అల్లిసిన్ కూడా ఆవ ఘాటులాగే, రెబ్బ నలిగాకే పుడుతుంది. పులుపు తగిలితే దాన్ని పుట్టించే ఎంజైము మందగిస్తుంది. కాబట్టి రెబ్బను చితక్కొట్టి పది నిమిషాలు ఊరుకుని, ఆ తరవాతే నిమ్మరసంలో వేయాలి. చాలామంది వరస తప్పేది ఇక్కడే.

కలిపే తీరు

ఫ్రెంచి వంటవాళ్ల పాత లెక్క మూడు పాళ్లు నూనె, ఒక పాలు పులుపు. మన నాలుకకు పులుపు ఇష్టం కాబట్టి రెండుకు ఒకటి కూడా చక్కగా ఉంటుంది, నూనె కూడా తగ్గుతుంది. పాత లెక్కతోనే మొదలుపెడితే, ఒక గాజు సీసాలో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, పావు టీస్పూను ఉప్పు వేసి ముందుగా కరగనివ్వాలి. ఉప్పు నూనెలో కరగదు కనుక ఈ క్రమం ముఖ్యం. ఒక టీస్పూను ఆవముద్ద, ముందే చితక్కొట్టి ఉంచిన వెల్లుల్లి రెబ్బ, ఒక టీస్పూను అల్లం రసం, అప్పుడే దంచిన మిరియాలు, చిటికెడు పసుపు వేయాలి. ఆపైన ఆరు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె పోసి మూత బిగించి అర నిమిషం గట్టిగా ఊపితే చిక్కని పసుపురంగు డ్రెసింగ్ తయారు. ఇది ఎనిమిది మందికి సరిపోతుంది. ఒక్కొక్కరికి దాదాపు 10 గ్రాముల నూనె, 75 మిల్లీగ్రాముల సోడియం. మిక్సీలో వేయకపోవడమే మంచిది. అంత వేగంగా తిరిగితే ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెలోని చేదు పదార్థాలు బయటపడి రుచి చెడుతుంది.

నూనె ఇంకా తగ్గించాలనుకుంటే లెబనాన్ దారి పట్టవచ్చు. వేయించిన నువ్వులు మెత్తగా నూరి, నిమ్మరసం, వెల్లుల్లి, ఉప్పు కలిపి నీళ్లు పోయాలి. మొదటి చెంచా నీటికి ముద్ద బిగుసుకుపోతుంది. కంగారుపడకుండా మరికొన్ని నీళ్లు పోస్తూ గిలకొడితే తెల్లగా, జారుగా మారుతుంది. నువ్వుల్లోని కొవ్వు పీచుతో, కాల్షియంతో కలిసి వస్తుంది. అవిసె పొడి కలపడానికి కూడా ఇదే తగిన చోటు.

మూడో దారి పెరుగు. పాల పదార్థాలు వాపును పెంచుతాయన్న భయానికి, పాలు పడనివారిని మినహాయిస్తే, ఆధారం లేదు. గట్టి పెరుగులో ఆవ, నిమ్మతురుము, పుదీనా వేసి పైన చెంచాడు నూనె తిప్పితే పెరుగు పచ్చడికి దగ్గరి చుట్టం తయారవుతుంది. నానబెట్టిన పెసరపప్పు, కీరా, కొబ్బరి తురుముల మీద నిమ్మరసం పిండి పోపు పెట్టే కోసంబరిలోనూ పచ్చి ముక్క, పులుపు, కొద్ది నూనె, ఆవాలు అన్నీ ఉన్నాయి. పెసరపప్పు మాంసకృత్తులు కూడా ఇస్తుంది కాబట్టి ఆరోగ్యం రీత్యా లెట్యూస్ ఆకుల గిన్నె కంటే అది ఒక మెట్టు పైనే.

ఏ డ్రెసింగైనా ఆకులు బాగా ఆరాకే పట్టించాలి. తడి ఆకు మీద నూనె నిలవదు, గిన్నె అడుగుకు జారిపోతుంది. కలిపాక ఆలస్యం పనికిరాదు. ఆకు పైనున్న మైనపు పొరలోకి నూనె ఇంకి ఆకును వాడ్చేస్తుంది, ఉప్పు నీటిని లాగేస్తుంది. క్యాబేజీ, క్యారెట్, ముల్లంగి వంటి గట్టి ముక్కలకు ఈ తొందర లేదు. అవి పావుగంట ఊరితేనే రుచి.

నిల్వ, జాగ్రత్తలు

ఇంటి డ్రెసింగ్‌లో నిజంగా భయపడాల్సింది వెల్లుల్లినే. మట్టిలో పెరిగే దుంప కాబట్టి దాని మీద బొటులిజం బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. గాలి తగలని నూనెలో, గది వేడిమిలో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. రంగూ వాసనా మారవు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక భోజనశాలలో నూనెలో నిల్వ చేసిన వెల్లుల్లి తిని 36 మంది ఈ విషం పాలబడ్డారు. తరవాత న్యూయార్క్ రాష్ట్రంలోనూ ఇలాంటి ఘటన జరగడంతో, నూనెలో అమ్మే వెల్లుల్లికి ఆమ్లం కలపాలని అమెరికా ప్రభుత్వం నిబంధన తెచ్చింది. నిమ్మరసం ఉన్న డ్రెసింగ్ కొంత రక్షణే అయినా, పచ్చి వెల్లుల్లి వేసినదాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగు రోజుల్లో వాడేయాలి. ఉత్తి నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి అల్మారాలో పెట్టడం ఎప్పుడూ చేయకూడదు. వెల్లుల్లి లేని నిమ్మ డ్రెసింగ్ వారం ఉంటుంది. చల్లదనానికి ఆలివ్ నూనె గడ్డకడితే చెడిందని కాదు, కాసేపు బయట పెట్టి ఊపితే సరిపోతుంది. పులుపు తగిలే డ్రెసింగ్‌ను ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల్లో ఉంచకూడదు.

పచ్చి గుడ్డుసొన వేసే సీజర్, మయొనీజ్ రకాలు గర్భిణులకూ, పసిపిల్లలకూ, ముసలివారికీ వద్దు. తీపి కోసం తేనె వేస్తే ఏడాది నిండని బిడ్డకు పెట్టకూడదు. పసుపును కొమ్ములుగా కొని పట్టించుకోవడం మంచిది. రంగు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే మోసాన్ని బంగ్లాదేశ్‌లో పరిశోధకులు 2019లో బయటపెట్టారు. వంటలో పసుపు వాడకానికి భయం లేదు కానీ, మిరియాల సారంతో కలిపి గుళికల రూపంలో పెద్ద మోతాదులో తీసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. డ్రెసింగ్‌లో చాలదని గుళికలకు మళ్లేవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి ఆకుకూరల్లోని విటమిన్ కె అడ్డొస్తుంది. అలాగని వారు సలాడ్ మానేయనక్కర్లేదు. ఈరోజు గిన్నెడు, రేపు ఏమీ లేదు అన్నట్టు కాకుండా రోజూ ఒకే మోతాదులో తింటూ, ఆ సంగతి వైద్యుడికి చెబితే మందు మోతాదును దానికి తగ్గట్టు సరిచేస్తారు.